పితికిపప్పు దగ్గరికి ప్రయోగశాల



మాంసం, గుడ్డు, పాలు. ఒంటికి ప్రోటీన్ కావాలంటే ఇవే దారి అనుకున్న రోజులు మారుతున్నాయి. పప్పుగింజల నుంచి, శిలీంధ్రాల నుంచి, పురుగుల నుంచి, ఆఖరికి జంతువును చంపకుండా దాని కణాలను పెంచి కూడా ప్రోటీన్ తయారు చేస్తున్నారు. ప్రత్యామ్నాయ ప్రోటీన్లు అని వీటికి పేరు. వీటి కోసం దేశదేశాల్లో పరిశోధన కేంద్రాలు వెలుస్తున్నాయి, ప్రభుత్వాలూ కంపెనీలూ డబ్బు పెడుతున్నాయి. ఆ డబ్బులో మన చిక్కబళ్లాపురం జిల్లాకు, బాగేపల్లి, చింతామణి రైతులకు వాటా ఉండాలని చెప్పడానికే ఈరోజు మాట్లాడుతున్నాను.

మన జిల్లా మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిని ఒక్కసారి తలుచుకోండి. దక్షిణాన బెంగళూరులో జీకేవీకే ఆవరణ, వ్యవసాయ విశ్వవిద్యాలయం. అదే ఆవరణలో సీ-క్యాంప్ అనే సంస్థ ఉంది. జీవసాంకేతిక రంగంలో కొత్తగా కంపెనీ పెట్టేవాళ్లకు చోటూ పరికరాలూ సలహా ఇచ్చి నిలబెట్టే సంస్థ అది. ఆ రోడ్డే పట్టుకుని చిక్కబళ్లాపురం, బాగేపల్లి దాటి, అనంతపురం, కర్నూలు మీదుగా పోతే హైదరాబాద్ వస్తుంది. అక్కడ కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది, జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. కణాల నుంచి మాంసం పెంచే పరిశోధన కోసం 2019లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ఈ రెండు సంస్థలకూ కలిపి దాదాపు 4.5 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. రోడ్డుకు ఆ కొసనా ఈ కొసనా ప్రయోగశాలలు. మధ్యలో మన అనపచేలు, ఉలవచేలు, చెనక్కాయ చేలు, మల్బరీ తోటలు. ప్రోటీన్ పండేది ఇక్కడ, ప్రోటీన్ పరిశోధన సొమ్ము ఆగేది అక్కడ.

కణాల మాంసం అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్తాను. జంతువు ఒంటి నుంచి చిటికెడంత కణజాలం తీసి, పోషకాలు కలిపిన ద్రవంలో, వెచ్చటి ఉక్కు తొట్లలో ఆ కణాలను పెంచుతారు. 2013 ఆగస్టులో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త మార్క్ పోస్ట్ ఇలా పెంచిన మాంసంతో లండన్‌లో ఒక బర్గర్ వండించి చూపించాడు. ఆ ఒక్క బర్గర్‌కు అయిన ఖర్చు 2.5 లక్షల యూరోలు. ఆ డబ్బు ఇచ్చింది గూగుల్ స్థాపకుల్లో ఒకరైన సెర్గీ బ్రిన్. ఈ రంగంలో ముందు నడిచినవాళ్లలో మన తెలుగాయన కూడా ఉన్నారు. డాక్టర్ ఉమా వాలేటి విజయవాడలో పుట్టి, పుదుచ్చేరి జిప్‌మర్‌లో వైద్యం చదివి, అమెరికాలో గుండె వైద్యులయ్యారు. 2015లో ఆయన మెంఫిస్ మీట్స్ అనే కంపెనీ స్థాపించారు. ఇప్పుడు దాని పేరు అప్‌సైడ్ ఫుడ్స్. 2022లో ఒక్క విడతలోనే ఆ కంపెనీకి 40 కోట్ల డాలర్లు పెట్టుబడి వచ్చింది. 2023 జూన్‌లో అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ల కోడిమాంసం అమ్మకానికి అనుమతి ఇచ్చింది. దీనికి మనం గర్వపడాలి. ఆ తర్వాత జరిగింది కూడా తెలుసుకోవాలి. 2021లో ప్రపంచమంతటా ప్రత్యామ్నాయ ప్రోటీన్ల రంగం మొత్తంలోకి 500 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి వస్తే, 2023 నాటికి అది మూడో వంతు దగ్గరికి పడిపోయింది. అప్‌సైడ్ కూడా ఉద్యోగులను తగ్గించుకోవలసి వచ్చింది. లాభం చూసుకుని వచ్చే డబ్బు ఆ లాభం ఆలస్యమైతే వెనక్కి పోతుంది. విత్తనం మీద, నేల మీద పదేళ్లు కూర్చుని చేసే పనికి అలాంటి డబ్బును నమ్ముకోలేం.

అందుకే ప్రభుత్వాల డబ్బు, దాతల డబ్బు ఈ రంగానికి ప్రాణం. 2022లో నెదర్లాండ్స్ ప్రభుత్వం కణ వ్యవసాయానికి 6 కోట్ల యూరోలు కేటాయించింది. 2024లో బ్రిటన్ లీడ్స్ విశ్వవిద్యాలయం కేంద్రంగా 1.5 కోట్ల పౌండ్లతో ఒక జాతీయ ప్రోటీన్ కేంద్రాన్ని మొదలుపెట్టింది. అదే ఏడాది బెజోస్ ఎర్త్ ఫండ్ అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్, లండన్‌లో ఇంపీరియల్ కాలేజీ, సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం, ఈ మూడు చోట్లా ఒక్కో కేంద్రానికి 3 కోట్ల డాలర్ల చొప్పున ఇచ్చింది. మన దేశంలో 2024 ఆగస్టు 24న కేంద్ర మంత్రివర్గం బయో-ఈ3 అనే విధానాన్ని ఆమోదించింది. అందులో ముఖ్యమని ఎంచిన ఆరు రంగాల్లో స్మార్ట్ ప్రోటీన్లు, అంటే ఈ ప్రత్యామ్నాయ ప్రోటీన్లే, ఒకటి. ఇవి కాక, కొత్త ఆలోచన ఉన్నవాళ్లకు కేంద్రం తరఫున బైరాక్ సంస్థ బిగ్ పథకం కింద 50 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. కర్ణాటక ప్రభుత్వం ఎలివేట్ పథకం కింద స్టార్టప్‌లకు 50 లక్షల దాకా ఇస్తుంది.

దారులైతే ఉన్నాయి. ఆ దారుల్లో నడవాలంటే కంపెనీ నమోదై ఉండాలి, ఇంగ్లీషులో ప్రాజెక్టు రాయాలి, పెద్దల ఎదుట నిలబడి ఒప్పించాలి. బాగేపల్లి తాలూకాలో పదెకరాల మెట్టలో రాగులూ అనపలూ వేసే రైతు ఆ గుమ్మం దాకా పోలేడు. పోలేడు కాబట్టి ఆయన గింజ గురించి ఎవరూ ప్రాజెక్టు రాయరు. ఇది నన్ను బాధపెట్టే విషయం.

ఇప్పుడు మైసూరుకు వెళ్దాం. ప్రత్యామ్నాయ ప్రోటీన్ అనే మాట పుట్టకముందే ఆ పని జరిగిన ఊరు అది. కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, అందరూ సీఎఫ్‌టీఆర్‌ఐ అంటారు, 1950లో అక్కడ మొదలైంది. తొలి డైరెక్టర్ వి.సుబ్రహ్మణ్యన్. పాలూ మాంసమూ కొనలేని దేశానికి ప్రోటీన్ ఎలా అందించాలన్నది ఆనాటి శాస్త్రవేత్తల ముందున్న ప్రశ్న. వాళ్లకు దొరికిన జవాబు చెనక్కాయ, అదే వేరుశనగ. గానుగలో నూనె తీశాక మిగిలే చెక్కలో సగం దాకా ప్రోటీనే ఉంటుంది. శుభ్రంగా తీసిన ఆ పిండి మూడు పాళ్లు, శనగపిండి ఒక పాలు కలిపి, విటమిన్లూ కాల్షియమూ చేర్చి మల్టీ పర్పస్ ఫుడ్ అనే పొడి తయారు చేశారు. అందులో ప్రోటీన్ 42 శాతం దాకా ఉండేది. తర్వాత చెనక్కాయ ప్రోటీన్‌ను పాలలో కలిపి మిల్టోన్ అనే పానీయం చేశారు. ఈరోజు పెద్ద పెద్ద ప్రయోగశాలలు బఠానీ నుంచి ప్రోటీన్ తీసి పాలు చేస్తున్నామని చెప్పుకునే పనికి ఇది చాలా దగ్గరి చుట్టం.

మరి ఆ పొడి ఈరోజు మన వంటింట్లో ఎందుకు లేదు? ఒక కారణం బూజు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. వాటి మేతలో కలిపిన వేరుశనగ చెక్కలో ఒక బూజు విషం ఉందని తేలింది. దానికే తర్వాత అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. కాలేయాన్ని దెబ్బతీసే విషం అది. అప్పటి నుంచి వేరుశనగ పిండి అంటే ప్రపంచమంతా జంకింది. ఆ బూజు ఫ్యాక్టరీలో పుట్టదు. కాయ ఊరే రోజుల్లో వాన మొహం చాటేస్తే చేలోనే పడుతుంది. పీకిన తర్వాత కాయ సరిగ్గా ఆరకపోతే కళ్లంలో పెరుగుతుంది. చివర్లో వాన ఎత్తిపోవడం అంటే ఏమిటో బాగేపల్లి, గుడిబండ రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. మైసూరు ప్రయోగశాల చేయాల్సినదంతా చేసింది. చేలో, కళ్లంలో జరగాల్సిన పనికి మాత్రం అంత డబ్బూ అంత శ్రద్ధా అందలేదు. ఇంకో కారణం కూడా ఉందని నా అభిప్రాయం. ఆ పొడిని పేదవాళ్ల కోసమని తయారు చేశారు. ఫలానాది బీదవాళ్ల తిండి అని ముద్ర పడితే బీదవాడు కూడా దాన్ని ఇష్టపడి కొనడు. తినేవాళ్ల నాలుకకు పట్టే రుచి మీదా పరిశోధన జరగాలి. దానికీ డబ్బు కావాలి.

ఇక మన అనపల సంగతి. పుష్యమాసం చలిలో చింతామణి సంతలో ఎటు చూసినా అనపకాయ రాశులే. అవరెకాయ అన్నా అదే. కాయ మీద అంటుకునే ఆ జిగురు, చేతికి పట్టిన ఆ వాసన సబ్బుతో కడిగినా ఒక పట్టాన పోదు. గింజలు నానబెట్టి, ఒక్కొక్కటే వేళ్ల మధ్య పట్టి పితికితే తోలు చేతిలో, పప్పు గిన్నెలో. ఆ పితికిపప్పు సారూ రాగి సంగటీ ఉంటే ఆ రెండు నెలలూ మన ఇళ్లలో వేరే కూర అడగరు. దేశంలో అనప సాగులోనూ దిగుబడిలోనూ 90 శాతం దాకా కర్ణాటకదే. అందులోనూ చిక్కబళ్లాపురం, కోలారు, బెంగళూరు గ్రామీణం, తుమకూరు జిల్లాలు దీనికి పుట్టిళ్లు.

ఎండిన అనపగింజలో ప్రోటీన్ నూటికి 20 నుంచి 25 పాళ్లు ఉంటుంది. రాగిలో 7 పాళ్లే. పాళ్ల కంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల కూర్పు. లైసిన్ అనేది రాగిలో తక్కువ, పప్పుల్లో ఎక్కువ. మెథియోనిన్ అనేది పప్పుల్లో తక్కువ, రాగిలో ఎక్కువ. సంగటీ పితికిపప్పూ ఒకే కంచంలో పడితే ఒకదాని కొరత ఇంకోటి తీరుస్తుంది. పితకడంలో కూడా శాస్త్రం ఉంది. అనప తోలులో టానిన్లు ఉంటాయి. గింజలో ప్రోటీన్ అరగకుండా అడ్డుపడే పదార్థాలు ఉంటాయి. నానబెట్టడం, తోలు తీయడం, ఉడికించడం, ఈ మూడు పనులూ ఆ అడ్డంకుల్ని తగ్గిస్తాయి. ప్రయోగశాలలో ప్రోటీన్ వేరు చేసేటప్పుడు మొదట చేసేది తోలు తీయడమే. మన ఆడవాళ్లు తరతరాలుగా వేళ్లతో చేస్తున్న పనిని యంత్రం చేత చేయించడం దగ్గరే మనవాళ్లు ఇంకా ఆగిపోయి ఉన్నారు. ఎండు అనపగింజను విరగకుండా, నలగకుండా తోలు తీసే చిన్న మిల్లు ఊరికొకటి వస్తే సగం దారి గడిచినట్టే.

విత్తనం వైపు మంచి పని జరిగింది. నాటు అనప పగలు తగ్గి రాత్రి పెరిగే చలికాలంలోనే పూస్తుంది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన హెబ్బాళ అవరె రకాలకు, హెచ్‌ఏ 3, హెచ్‌ఏ 4 అనేవాటికి, ఆ పట్టింపు లేదు. ఏ కాలంలో వేసినా పూసి కాస్తాయి. ఇది చిన్న విషయం కాదు. ఏడాది పొడుగునా ముడిసరుకు దొరకని పంటను నమ్మి ఎవరూ ఫ్యాక్టరీ పెట్టరు. ఆ అడ్డంకిని మన శాస్త్రవేత్తలే తొలగించారు. అయితే ఆ రకాలు పచ్చికాయ అమ్మకాన్ని దృష్టిలో పెట్టుకుని వచ్చినవి. ఎండుగింజలో ప్రోటీన్ ఎక్కువ, తోలు పలచన, పచ్చి వాసన తక్కువ ఉండే రకం కావాలంటే మళ్లీ ఎనిమిది, పదేళ్ల పని. ఎవరి డబ్బుతో చేస్తారు?

మీల్ మేకర్ మీ అందరికీ తెలుసు. పెళ్లి భోజనాల్లో, హోటళ్లలో కుర్మాలో వేస్తారు. అది సోయా. నూనె తీసిన సోయాపిండిని నీళ్లతో కలిపి పోస్తే, దాన్ని బాగా వేడిగా ఉన్న గొట్టంలో మరచుట్టు తిరుగుతూ ఒత్తిడితో ముందుకు తోస్తుంది. సన్నటి రంధ్రంలోంచి బయటపడగానే ఉబ్బి, నారనారగా గట్టిపడుతుంది. మన దేశంలో సోయా పండేది ఎక్కువగా మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లో. ఆ ముక్కను చింతామణి అనపతో చేయలేమా? చేయొచ్చు, కానీ ఒక చిక్కుంది. అనపలో నూనె ఒకటి రెండు పాళ్లే కాబట్టి నూనె తీసే పని లేదు. పిండిపదార్థం మాత్రం సగానికి పైగా ఉంటుంది. దాన్ని వేరు చేయాలి. గింజను మెత్తటి ధూళిలా విసిరి గాలి ధారలో పోస్తే బరువైన పిండి రేణువులు ఒక పక్కకూ తేలికైన ప్రోటీన్ రేణువులు ఇంకో పక్కకూ పోతాయి. నీళ్లు అక్కరలేదు, రసాయనాలు అక్కరలేదు. వెయ్యి అడుగులు దాటినా బోరులో నీళ్లు పడని మన ప్రాంతానికి ఈ పద్ధతి సరిగ్గా సరిపోతుందని నేను నమ్ముతున్నాను. మిగిలే పిండిని ఏం చేయాలి, ఎవరికి అమ్మాలి అన్న లెక్క తేలితేనే రైతుకు ధర వస్తుంది. ఆ లెక్క తేల్చే కేంద్రమే నేను అడుగుతున్న పరిశోధన కేంద్రం. ఉలవలకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. వాటిలోనూ ప్రోటీన్ 22 పాళ్ల దాకా ఉంది, అవి అనప కంటే కరువును ఇంకా గట్టిగా తట్టుకుంటాయి.

చింతామణి దగ్గర కురుబూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణ ఉంది, కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, పట్టు పరిశ్రమ చదువు చెప్పే కాలేజీ ఉంది. చింతామణి-1 అని ఊరి పేరుతోనే జీడిమామిడి రకం విడుదలైంది. కాబట్టి మన దగ్గర పునాది లేదని ఎవరూ అనలేరు.

పట్టు మాట వచ్చింది కాబట్టి, అందరూ కాస్త మొహమాటపడే విషయం ఒకటి చెప్పాలి. శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్ దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. ఊళ్లో అడుగు పెడితే రీలింగ్ యూనిట్ల ఆవిరీ ఆ ఘాటు వాసనా ఎదురొస్తాయి. ఆ వాసన పట్టుది కాదు, దారం తీశాక మిగిలే ప్యూపాది, అంటే గూటిలోపలి పురుగుది. ఒక కిలో పట్టు దారం తీస్తే దాదాపు 8 కిలోల తడి ప్యూపా మిగులుతుంది. ఆరబెడితే అది 2 కిలోలు. ఆ ఎండు ప్యూపాలో సగానికి పైగా ప్రోటీనే, పావు వంతుకు పైగా నూనె. ఆ నూనెలో అవిసెగింజల్లో ఉండే ఒమేగా-3 కొవ్వు కూడా ఉంది. కొరియాలో దీన్ని ఉడికించి వీధుల్లో అమ్ముతారు. అస్సాం, నాగాలాండ్‌లలో ఎరి పట్టుపురుగు ప్యూపా ఇష్టమైన వంటకం. మన దగ్గర దాన్ని తినమని నేను అనడం లేదు. ఎవరి అలవాటు వాళ్లది. పైగా కొందరికి దానివల్ల అలర్జీ వస్తుంది. కానీ చేపకు, రొయ్యకు, కోడికి అది అద్భుతమైన మేత. ఆంధ్రలో నెల్లూరు, భీమవరం చెరువుల్లో పెరిగే రొయ్యల మేతలో సముద్రపు చేపల పొడి కలుపుతారు. అంత చేపను సముద్రం నుంచి తోడేసే బదులు శిడ్లఘట్ట ప్యూపా పంపితే రీలర్‌కు రెండో రాబడి, సముద్రానికి కాస్త ఊపిరి.

ఈ పని మొదలైంది కూడా. ఐఐటీ రూర్కీలో చదివిన ఇద్దరు యువకులు, అంకిత్ అలోక్ బగారియా, అభి గావ్రి, 2019లో బెంగళూరులో లూప్‌వర్మ్ అనే కంపెనీ పెట్టారు. పట్టుపురుగు లాంటి కీటకాల నుంచి మేతకు పనికొచ్చే ప్రోటీన్ తీయడం వాళ్ల పని. 2022లో ఆమ్నివోర్, వాటర్‌బ్రిడ్జ్ అనే పెట్టుబడి సంస్థల నాయకత్వంలో వాళ్లకు 34 లక్షల డాలర్లు వచ్చాయి. ఇలాంటివి ఇంకా రావాలి. అయితే తడి ప్యూపా గంటల్లో కుళ్లుతుంది, దాని నూనె కమురు వాసన కొడుతుంది. ఆరబెట్టడం, నూనె తీయడం అనే తొలి రెండు మెట్లు శిడ్లఘట్టలోనే, రీలింగ్ జరిగిన నాడే జరగాలి. దానికి సోలార్ డ్రయ్యర్లు కావాలి, మల్బరీకి కొట్టిన మందుల అవశేషాలు ప్యూపాలో ఉన్నాయా లేదా అని పరీక్షించే చిన్న ల్యాబ్ కావాలి. పక్కనే చింతామణిలో పట్టు కాలేజీ ఉండగా ఆ ల్యాబ్ వేరే ఊళ్లో ఎందుకుండాలి?

చివరగా బడి పిల్లల విషయం. కర్ణాటకలో బడుల్లో పిల్లలకు గుడ్డు ఇస్తున్నారు. 2024లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ మూడేళ్లకు దాదాపు 1,500 కోట్ల రూపాయలు ఇస్తామని ఒప్పందం చేసుకుంది కాబట్టి వారంలో ఆరు రోజులూ గుడ్డు అందించే వీలు కలిగింది. ప్రోటీన్ కోసం మన రాష్ట్రంలో ఇంత పెద్ద దానం జరగడం ఎంతో మంచి విషయం. గుడ్డు తినని పిల్లలకు బదులుగా అరటిపండు ఇస్తారు. గుడ్డులో ప్రోటీన్ 6 గ్రాములు, అరటిపండులో ఒక్క గ్రాము. గుడ్డు తినని ఇంట్లో పుట్టినంత మాత్రాన ఆ బిడ్డకు రోజూ 5 గ్రాములు ఎందుకు తగ్గాలి? 25 గ్రాముల అనపపప్పులో 6 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంది. పిల్లలు ఇష్టపడే రుచిలో, నెల రోజులు నిలవ ఉండేలా, గుడ్డు ధరకు మించకుండా ఒక ఉండో, ఒక బిస్కెట్టో, ఒక ముక్కో తయారు చేయడం కొరుకుడుపడని సమస్యేమీ కాదు. అంగన్‌వాడీలకు పోషకాహారం తయారు చేసే మహిళా కేంద్రాలు కర్ణాటకలో తాలూకా స్థాయిలో ఉన్నాయి. కొనేది ప్రభుత్వం, తయారు చేసేది మన ఆడవాళ్లు, గింజ మన రైతుది. మధ్యలో లోటు ఒక్క పరిశోధనే. ఇలాంటి పనికి బైరాక్‌కు దరఖాస్తు రాసేవాళ్లు చింతామణి కాలేజీలోనే ఉండాలి, అందులో రైతు సంఘాన్ని భాగస్వామిగా చేర్చాలి.

ఏటా నవంబరు ప్రాంతంలో జీకేవీకేలో కృషి మేళా జరుగుతుంది. మన జిల్లా నుంచి బస్సులు కట్టుకుని పోతారు. ఈసారి వెళ్లినప్పుడు కొత్త రకం విత్తనం ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు ఇస్తుందని అడిగాక, ఆ గింజలో ప్రోటీన్ ఎంత, దాని తోలు తీసే మిల్లు ఎక్కడ దొరుకుతుంది, ఎండుగింజ కొనేదెవరు అని కూడా అక్కడి శాస్త్రవేత్తలను అడగండి. సమాధానం రాకపోతే మీ పేరూ ఊరూ రాసిచ్చి రండి.